దాగలిమీది యంకెలు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన విశ్వబ్రాహ్మణకులముయొక్క ప్రాచీనతను గూర్చియు, విద్యాభివృద్ధిని గూర్చియు పెద్దలు ఈ వేదికనుండి విపులముగా సెలవిచ్చియున్నారు. ఆ విషయములను మరల చర్వితచర్వణము చేయుట మా యుద్దేశము కాదు. మనుబ్రహ్మ సంతతివారని మనము గౌరవించు కమ్మరిసోదరుల కొలిమియొద్ద, తరతరములుగా సమ్మెటదెబ్బలు సహించుచు పడియుండు దాగలిని గూర్చి నాలుగుమాటలు మనవిచేసికొందుము. ఇంత చిన్నవిషయమునకు ఇంత పెద్దసభ యేల యని కొందరకు తోచవచ్చును. మా వలన జరిగిన యొక తప్పిదమును విన్నచో ఆ సందేహము తీరగలదు.

కొన్ని యేండ్ల క్రిందట మా బంధువర్గములోని యొక కమ్మరి కాలధర్మము నొందెను. కుమారులు వేరువృత్తులను చేపట్టి పట్టణములు చేరిరి. కొలిమి నడపువారు లేమిచే ఆయన భార్య దాగలిని విక్రయింపదలచి మాకు కబురంపెను. అది కొమ్ముగల ఆంగ్లదేశపు దాగలి. కొనవచ్చిన పాతయినుము వర్తకుని త్రాసు అంత బరువును మోయజాలదయ్యెను. దాగలి ప్రక్కను 1 1 6 అని మూడంకెలు చెక్కియుండెను. “అన్నయ్యగారూ, మీరు చదువుకొన్నవారు; ఇదేమో చూచి చెప్పండి” అని ఆమె యడిగెను. మేము కండ్లద్దములు సవరించుకొని “నూటపదియారు పౌనులు” అని నిస్సంశయముగా పలికితిమి. అనగా రమారమి 52న్నర కిలోగ్రాములు. ఆ లెక్కనే సొమ్ము చేతులు మారెను, బండి కదలిపోయెను.

పదిదినముల పిమ్మట, పూర్వము రైల్వే కర్మశాలలో పనిచేసిన యొక వృద్ధకమ్మరి మమ్ము చూడవచ్చి, “పంతులుగారూ, ఆ దాగలిని వయసులో నేను మొద్దుమీది కెత్తినవాడను. దాని బరువు మీరు చెప్పినంత కాదు, అంతకంటె మిక్కిలి యెక్కువ. ఆ మూడంకెలు ఒక్క సంఖ్య కాదు, మూడు సంఖ్యలు” అని చెప్పెను. మాకు శిరస్సు వంగిపోయెను. తగ్గిన యినుమువెలను మేమే ఆ యిల్లాలికి చెల్లించితిమి గాని, దాగలి తిరిగి రాలేదు. అమరకోశము కంఠస్థమైయున్నను ఆనాడు మాకు ఆ మూడంకెలు తెలియలేదు. మా వలె మరియొకరు పొరపడకుండుటకే ఈ ప్రసంగము.

ఆంగ్లదేశపు పాత దాగలులపై బరువును హండ్రెడువెయిటు, క్వార్టరు, పౌను అను మూడుమానములలో చెక్కుట ఆచారము. హండ్రెడువెయిటనగా పేరునుబట్టి నూరు పౌనులని భ్రమపడరాదు. అది 112 పౌనులు. అందు నాలుగవపాలు క్వార్టరు. అది 28 పౌనులు. మొదటియంకెను 112చేతను, రెండవదానిని 28చేతను గుణించి, మూడవదానిని ఉన్నదున్నట్లు కూడవలెను. కావున 1 1 6 అనగా 112, 28, 6 కలిసి 146 పౌనులు. ఇంచుమించు 66 కిలోగ్రాములు. మా యజ్ఞానమువలన ఆ యిల్లాలికి 30 పౌనుల లోటు వచ్చినది. అట్లే 2 0 14 అని యున్నచో 238 పౌనులు, అనగా 108 కిలోగ్రాములు. నడుమనున్న సున్న క్వార్టరులు లేవని తెలుపునదే గాని నిరర్థకము కాదు.

ఇది మన పెద్దలకు వింతకాదు. 1957లో దశాంశనాణెములు వచ్చువరకు మన జమాఖర్చులలో 1-8-6 అని వ్రాసినచో ఒక రూపాయి, ఎనిమిదణాలు, ఆరు పైలని పసిపిల్లలును చదివెడివారు. నూటయెనుబదియారని యెవరును చదువలేదు. మణుగునకు 8 వీసెలు, వీసెకు 40 పలములు నను లెక్కయు నిట్టిదే. పదులలెక్కకు మాత్రమే అలవాటుపడిన కన్ను పాతలెక్కను మరచినది. మా తప్పునకు మూలమిదియే.

పరీక్షించుట కొక సులభమార్గము కలదు. రెండవయంకె 3నకు మించరాదు. ఏలయన నాలుగు క్వార్టరులు కలిసినచో మరియొక హండ్రెడువెయిటగును. మూడవసంఖ్య 27నకు మించరాదు. ఈ నియమము తప్పినచో, మనము అంకెను తప్పుగా చదివితిమనియో, ఆ దాగలి వేరులెక్కకు చెందినదనియో గ్రహింపవలెను. అమెరికాలోని బ్రూక్లినునందు చేయబడిన హేబడన్ దాగలులపై బరువు నేరుగా పౌనులలోనే యుండును. పైగా ముందరిపాదముపై వరుససంఖ్య వేరుగా నుండును. ఆ రెంటిని కలిపి చదువరాదు. కావున బరువు చదువుటకు ముందు దాగలి యేదేశపుదో తెలిసికొనవలెను.

అందులకు పేరును, గుర్తును సాధనములు. ఇంగ్లండులోని డడ్లీపట్టణమున చేయబడిన పీటర్ రైట్ దాగలిపై కర్త పేరును, వలయాకారముగా ‘సాలిడ్ రాట్’ అను మాటలును చెక్కియుండును; పోతపని కాక సాగగొట్టిన యినుముతో చేసినదని వాని భావము. షెఫీల్డుపట్టణపు మౌస్‌హోల్ కొలిమిలో పుట్టిన దాగలులు కొన్నిటిపై ఎలుకబొమ్మ కాననగును. ఇట్టి సాగగొట్టిన దాగలుల నడుమునందును, అడుగునను చతురస్రపు రంధ్రము లుండుట కద్దు. చేయునపుడు బరువైన ముద్దను కడ్డీతో పట్టి త్రిప్పుటకై చేసినవవి. స్వీడనుదేశపు కోల్స్వా దాగలులు పోతయుక్కువి. మన పూర్వపు నాటుదాగలి మొద్దులో దిగగొట్టిన ఇనుపదిమ్మ. అట్టిదానిపై వ్రాత వెదకుట వ్యర్థము, త్రాసే శరణ్యము.

ఇక చదువు విధము. దాగలి ప్రక్కను తుప్పును తీగెకుంచెతో మెల్లగా తుడువవలెను. ఆకురాయిగాని, తిరుగుడురాయిగాని తగిలింపరాదు. తుప్పుతోబాటు అక్షరములును పోవును. పిమ్మట సుద్దపొడి చల్లి, పైపొరను గుడ్డతో తుడిచినచో గుంటలలో సుద్ద నిలిచి యక్షరములు తెల్లగా తోచును. చీకటిలో దీపమును ఒకప్రక్కనుండి వాలుగా చూపినను నీడలచే వ్రాత బయటపడును. శాసనపరిశోధకులు శిలలపై కాగిత మద్ది ప్రతిబింబము తీయునట్లు, మనమును పలుచని కాగితము పరచి బొగ్గుతో రుద్ది ప్రతి తీయవచ్చును. అయినను చెక్కినది పుట్టుకనాటి బరువు. అరుగుదల, విరుగుదల గల దాగలి అంతకంటె తేలికపడియుండును. కావున అంకెను చదివి, త్రాసుతో సరిచూచి, పిమ్మటనే బేరమాడవలెను.

పైపలక సొట్టలుపడినదని గీకి చదునుచేయించుట మరియొక యనర్థము. అనేక ఆంగ్లదాగలులలో మెత్తని యినుపదేహముపై గట్టియుక్కుపలకను అతికియుందురు. ఆ పలకను అరుగదీసినచో దాగలి ప్రాణమును తీసినట్లే.

వేదాంతశాస్త్రమున ‘కూటస్థ’ శబ్దమును వివరించునపుడు, కూటమనగా కమ్మరి దాగలియని చెప్పు సంప్రదాయము కలదు. దానిమీద ఎన్నిరూపములు పుట్టి మారినను తాను మారక యుండునని యుపమానము. ఆత్మతత్త్వమును బోధించుటకు పెద్దలు మన కొలిమిలోని పనిముట్టును చూపిరి. మనమో దానిని తుక్కుక్రింద తూచి యిచ్చుచున్నాము.

తుదకు మా విన్నపము. ప్రతిగ్రామశాఖయందును ఒక పుస్తకముంచి, ఏయింట ఏదాగలి కలదో, దానిమీది వ్రాతయేమో, త్రాసునందలి బరువెంతయో వ్రాయింపుడు. బొగ్గుప్రతిని అందు అతికింపుడు. కొలిమి ఆరిన యింటివారు అమ్మదలచినచో, పనిచేయుచున్న కమ్మరికే అది ముందుగా చేరునట్లు పోషకులు పూనుకొందురుగాక. పాతయినుముగా దానికి వచ్చు వెల వేరు, పనిముట్టుగా వచ్చు వెల వేరు. ఒక యిల్లాలికి మేము చేసిన నష్టమును సొమ్ముతో తీర్చితిమి. ఆ యింటి దాగలిని మాత్రము మరల తేలేకపోతిమి. ఈ సభవారు మరియొక యింటి దాగలిని నిలుపగలిగిరేని మా మనస్సునకు కొంత శాంతి కలుగును.

 విశ్వకర్మభగవానుడు మన కొలుములను చల్లగా కాపాడుగాక.