అతుకుల బొంత

(సాంస్కృతికోత్సవ సభలో సాయంకాలపు తెలుగు తరగతి తరఫున చేసిన ప్రసంగము)



మేము ఈ గడ్డమీద మూడవ తరము వారము. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ ఓడ డర్బను రేవు చేరింది. ఆనాటి నుండి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా 1,52,000 మందికి పైగా వచ్చారు. వారిలో మా తాత, మా అవ్వ ఉన్నారు. మేము బడిలో ముప్పై అయిదేండ్లు ఇంగ్లీషులో లెక్కలు చెప్పాము. తెలుగు అక్షరములు మాత్రము ఉద్యోగము విడిచే వయసులో సాయంకాలపు తరగతిలో దిద్దుకున్నాము. కనుక మా మాటలలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఒకనాడు తరగతిలో ‘అతుకుల బొంత’ అనే మాట వచ్చింది. పొంతన లేకుండా ఏదో ఒకటి చేర్చి నిలబెట్టిన పనిని అలా ఎగతాళి చేస్తారని పాఠము చెప్పే అక్కగారు వివరించారు. మేమందరము నవ్వాము. మా తెలుగే అటువంటిది కదా! సగము తెలుగు, పావు ఇంగ్లీషు, మిగిలినది తమిళము, జులూ. కాని ఆ రాత్రి మాకు అవ్వ కుట్టిన బొంత జ్ఞాపకము వచ్చింది. చిరిగిన చీరలు పొరలుగా పరచి, పెద్ద సూదితో ఆమె కుట్టిన ఆ బొంత కింద చలికాలమంతా నలుగురు పిల్లలము పడుకునేవారము. అంత వెచ్చని వస్తువు ఎగతాళి మాట ఎలా అయిందో మాకు తోచలేదు.

ఈనాడు మేము చెప్పదలచినది మేము మొదటిసారిగా కుట్టిన బొంత గురించి. దానిని మా స్నేహితురాలి కోసము కుట్టాము. ఆమె జులూ పంతులమ్మ. మాతో ఒకే బడిలో పందొమ్మిదేండ్లు పనిచేసింది. మా ఇంటి పులుసు ఆమెకు ఇష్టము, ఆమె ఇంటి మొక్కజొన్న కంకులు మాకు ఇష్టము.

2021 జూలై అల్లర్లు మీకందరికీ తెలుసు. ఫీనిక్సు ప్రాంతములోనే 30 మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికను సోదరులు. ఆ రోజులలో మా వీధి మొగలో కూడా కాపలా పెట్టారు. మాకు మందులు తెచ్చి ఇవ్వడానికి మా స్నేహితురాలి మేనల్లుడు వచ్చాడు. కాపలావారు అతనిని అడ్డగించి, కారంతా వెదకి, వెనక్కు పంపారు. మేము కిటికీలో నుండి చూసాము. భయపడి తలుపు తీయలేదు. బయటికి వెళ్ళి, ‘ఇతను మా వాడు’ అని ఒక్క మాట అనలేదు. ఆ తరువాత తొమ్మిది నెలలు ఆమె ఫోను చేయలేదు, మేమూ చేయలేదు.

2022 ఏప్రిలులో వరదలు వచ్చాయి. మన రాష్ట్రములో 400 మందికి పైగా చనిపోయారు. ఆమె ఇంటిలో మంచము ఎత్తున బురద నిండిందని తెలిసింది. మనుషులు దక్కారు, పక్కబట్టలు ఒక్కటీ దక్కలేదు. అప్పుడు మాకు అవ్వ ట్రంకుపెట్టె గుర్తు వచ్చింది. అందులో అవ్వ చీరలు, అమ్మ చీరలు ఎన్నో ఏండ్లుగా ఉన్నాయి. తీసి చూస్తే మడతల వెంబడి నేత చివికిపోతున్నది. ఎవరూ కట్టరు, ఎవరికీ ఇవ్వరు. దాచి దాచి పాడుచేస్తున్నాము. బొంత కుడదామని నిశ్చయించుకున్నాము.

కాని తరగతిలో ఒక పెద్దమ్మగారు అడ్డు చెప్పారు. “కట్టి విడిచిన బట్ట మనింటి బిడ్డకు వేయవచ్చు. పరాయివారికి పెడితే అవమానము. కొత్త దుప్పటి కొనండి” అన్నారు. ఆ మాటలో న్యాయమున్నది. జులూ పెండ్లిలో వధువు అత్తవారి బంధువులకు చాపలు, దుప్పట్లు పెడుతుంది. దుప్పటి విలువ తెలిసినవారికి పాత గుడ్డలు పెట్టవచ్చునా? రెండు రోజులు ఆలోచించి, చివరికి ఆమెకే ఫోను చేసి అడిగాము. చాలాసేపు మాట లేదు. తరువాత, “మా అమ్మ ఏప్రను ఒకటి బురదలో దొరికింది. మరక పోవడము లేదు. అది కూడా అందులో వేస్తావా?” అన్నది.

అది నీలి శ్వేశ్వే గుడ్డ. బసూతో రాజు మొషువేషువే పేరు మీదనే ఆ గుడ్డకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. దానిని మధ్యలో పెట్టాము.

ఇక మా పనితనము వినండి. వరుసకు ఏడు ముక్కలు, తొమ్మిది వరుసలు, మొత్తము 63 ముక్కలు. ఒక్కొక్కటి సరిగా ఎనిమిది అంగుళములు కత్తిరించాము. 56 అంగుళముల వెడల్పు, 72 అంగుళముల పొడవు రావాలి. కుట్టి కొలిస్తే వెడల్పు మూడు, పొడవు నాలుగు అంగుళములు తగ్గింది! ప్రతి అతుకు దగ్గర ఇరువైపులా పావు అంగుళము కుట్టులోకి పోతుందని లెక్కల మాస్టారికి తోచలేదు. మా మనుమరాలు పడిపడి నవ్వింది. అవ్వ చీర అంచు మిగిలి ఉంటే, దానిని చుట్టూ రెండేసి అంగుళములు వేసి ఆ లోటు పూడ్చాము.

లోపల రెండు నూలు చీరలు, అడుగున ఒకటి పరిచాము. తొందరపడి రెండు కొసల నుండి కుట్టుకుంటూ వస్తే నడుమ గుడ్డ ఉబ్బి ముడతలు పడింది. వారము పని ఊడదీసాము. ఈసారి ముందుగా పొడుగాటి టాకాలు వేసి, నడుమ నుండి అంచులకు కుట్టాము. మూడు నెలలు పట్టింది.

అంచు నుండి నడుమకు కుట్టి ముడత రానివ్వనివారు కూడా ఉన్నారని తరువాత అక్కగారు చెప్పారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ ప్రాంతమున సిద్దీలు అనే జనులున్నారు. వారి పూర్వులు ఆఫ్రికా నుండి, చాలామంది బానిసలుగా, భారతదేశము చేరినవారు. వారి స్త్రీలు పాత బట్టలతో కవంది అనే బొంతలు కుడతారు. నాలుగు మూలలా చిన్న గుడ్డలు మడిచి కుట్టి, వాటిని పూలు అంటారు. మేము కూడా మా బొంత మూలలలో నాలుగు పూలు కుట్టాము.

బొంత తీసుకొని ఆమె ఇంటికి వెళ్ళాము. ఆమె దానిని మంచము మీద పరచి, నడుమ ఉన్న నీలి ముక్క మీద చేయి వేసి కూర్చున్నది. అప్పుడు కిటికీ సంగతి చెప్పాము. గొంతు సరిగా రాలేదు. ఆమె తల ఎత్తకుండా, “తెలుసు. నీవు కిటికీలో ఉండడము వాడు చూసాడు” అన్నది.

తెలిసే ఆమె తల్లి ఏప్రను మా చేతికి ఇచ్చింది.

కొంతసేపటికి దీనిని మీ భాషలో ఏమంటారని అడిగింది. బొంత అన్నాము. “బొంతా? మాకు ‘బోంగా’ అంటే కృతజ్ఞత చెప్పడము” అని నవ్వి, టీ పెట్టడానికి లేచింది. ఆ నవ్వుతో అన్నీ సరి అయినవని మేము అనుకోము. ఆమె మేనల్లుడు ఇంకా మా ఇంటికి రాలేదు. కాని ఆదివారములలో ఫోను మోగుతున్నది.

తల్లులారా, మీ ఇండ్లలో కూడా పెట్టెలున్నాయి. వాటిలో చీరలున్నాయి, అవ్వలు చెప్పిన మాటలున్నాయి. అవి మడతలలోనే చివికిపోకముందే తీయండి. కత్తిరించడానికి భయపడకండి. మొదటి కుట్టు వంకర పోతుంది, మాది కూడా పోయింది. మీ పిల్లల తెలుగులో అతుకులున్నా వెక్కిరించకండి. పావు అంగుళము అటూ ఇటూ వదిలి కుడితే అతుకు ఊడదు. అలాగే, ఎవరి తలుపు దగ్గరైనా అనవలసిన మాట మిగిలి ఉంటే, వరద వచ్చేదాకా ఆగకండి.