కీళ్లవాతం నోటిదాకా ఎందుకు వస్తుంది?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చిందంటే మన దగ్గర కారణాలు వెంటనే తయారైపోతాయి. పెద్దావిడకైతే వంకాయ, బంగాళదుంప తిని వాతం చేసిందంటారు. హైటెక్ సిటీలో పనిచేసే ముప్పై ఏళ్ల అమ్మాయికైతే కీబోర్డు కొట్టికొట్టి వేళ్లు అరిగాయంటారు. రెండూ తప్పే. ఇది ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ ఒంటి మీదికే తిరగబడే జబ్బు. కీళ్లతో ఆగదు, లాలాజల గ్రంథులనూ పట్టవచ్చు. అలాంటి రోగి నోరు పిడచగట్టుకుపోతోందని చెబితే ‘వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగు’ అంటారు, లేదంటే నేరం మాత్రల మీద వేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లోనే కళ్లూ నోరూ ఎండిపోయిన 19 మంది స్త్రీలను వర్ణించాడు. వాళ్లలో 13 మందికి కీళ్లజబ్బు ఉంది. అయితే మనుషుల్లో వయసు, మాత్రలు, షుగరు అన్నీ కలిసిపోతాయి. దేనివల్ల ఏది వచ్చిందో విడదీయడం కష్టం. అందుకే ప్రయోగశాల జంతువులు. మృదులాస్థి నుంచి తీసిన రెండో రకం కొల్లాజెన్‌ను సూదిమందుగా ఇచ్చి 1977లో ఎలుకలకు, 1980లో డీబీఏ/1 చుంచెలుకలకు కీళ్లవాతం తెప్పించారు. ఎంఆర్‌ఎల్/ఎల్‌పీఆర్ అనే మరో జాతికి సూది కూడా అక్కర్లేదు. ఫాస్ జన్యువులో లోపం వల్ల చావాల్సిన లింఫోసైట్లు చావక పేరుకుంటాయి. దాని గ్రంథిని సూక్ష్మదర్శిని కింద చూడండి: ద్రాక్షగుత్తుల్లా ఉండాల్సిన లాలాజల కణాల నడుమ, నాళాల చుట్టూ, లింఫోసైట్లు ముదురు నీలి చుక్కలుగా గుంపుకట్టి ఉంటాయి. అదే జంతువుకు కీళ్లవాపూ రావచ్చు. ఈ జాతిని ఎక్కువగా లూపస్ పరిశోధనకు వాడతారన్నదీ నిజమే. కానీ అది ఏ నొప్పి మాత్రా మింగలేదు, ముసలిదీ కాదు. మాత్రల వాదం, వయసు వాదం అక్కడ నిలబడవు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని దాటేసే వ్యాసాలంటే నాకు ఓపిక ఉండదు. లాలాజల గ్రంథికి నమలడమే వ్యాయామం. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు ద్రవాహారం మాత్రమే పెట్టినా పెరోటిడ్ గ్రంథి కుంచించుకుపోతుంది. పాదాలు వాచిన ఎలుక బోను పైకప్పు జల్లెడలోని గట్టి మేత గుళికలను అందుకోవడానికి వెనక కాళ్ల మీద నిలబడలేదు. తిండి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, గ్రంథీ చిక్కిపోతుంది. అది జబ్బు పనా, ఆకలి పనా? తేల్చాలంటే జబ్బు ఎలుక ఇవాళ ఎన్ని గ్రాములు తిన్నదో తూచి, ఆరోగ్యమైన జోడు ఎలుకకు రేపు అన్నే గ్రాములు పెట్టాలి. మేతను బోను నేల మీదే ఉంచాలి. పోషకాహార శాస్త్రజ్ఞులకు ఇది కొట్టినపిండి. ప్రయోగశాల జంతువుల జాతీయ కేంద్రం దశాబ్దాలుగా నడిచింది మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే. జోడు ఎలుక లేని ప్రయోగంలో గ్రంథి బరువు తగ్గిందన్న మాటను నేను సాక్ష్యంగా ఒప్పుకోను. లింఫోసైట్ల గుంపు సంగతి వేరు. ఆకలి గ్రంథిని చిక్కబెడుతుంది గానీ నాళాల చుట్టూ సైన్యాన్ని మోహరించదు.

ఎలుక మనిషి కాదు, ఒప్పుకుంటాను: దాని దవడ కింది గ్రంథిలో మనకు లేని రేణువుల నాళికలుంటాయి, చుంచెలుకల్లో అవి మగవాటికి పెద్దవి, ఆడవాటికి చిన్నవి. మన జబ్బు చూస్తే ఆడవాళ్లకే ఎక్కువ. కాబట్టి ఎలుకలో పనిచేసిన మందు మనకూ పనిచేస్తుందని అనుకోవద్దు. కొందరికి మందులూ నోరెండిస్తాయి, అదీ నిజమే. కానీ ఏ మందో తేల్చాల్సింది డాక్టరు. నోరెండిపోవడం చిన్న సంగతీ కాదు, లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చుతాయి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ లాంటి మందు వాడుతూ నోరు, కళ్లు ఎండుతున్నవాళ్లు దాన్ని సొంతంగా ఆపకండి. ఈసారి కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ సంగతి చెప్పండి, పళ్ల డాక్టరుకూ చూపించుకోండి.