ఉరుము తగ్గించిన తప్పు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలో నేర్చుకున్న ధ్వని పాఠమే నాకు అన్నం పెడుతోంది. హైదరాబాదులో సౌండ్ రికార్డింగ్ నా వృత్తి. ఈరోజు ఒక ఆల్బమ్ కథ, దానివల్ల నేను దిద్దుకున్న తప్పు చెబుతాను.

రూట్స్ రెగె జమైకా పేదల సంగీతం. ఆకలి, అన్యాయం, ఆఫ్రికా మూలాలు దాని వస్తువు. డ్రమ్స్, బేస్ గిటార్ దాని ప్రాణం. 1972లో బాబ్ మార్లే, పీటర్ టాష్, బన్నీ వైలర్ కింగ్‌స్టన్ స్టూడియోల్లో 'క్యాచ్ ఎ ఫైర్' ఆల్బమ్‌ను ఎనిమిది ట్రాకుల టేపుపై రికార్డు చేశారు. బేస్ ఆస్టన్ బ్యారెట్, డ్రమ్స్ ఆయన తమ్ముడు కార్ల్‌టన్ వాయించారు. తర్వాత ఆ టేపులు లండన్ చేరాయి. రాక్ వినేవాళ్లకు నచ్చాలని ఐలాండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ అమెరికన్ల గిటార్, కీబోర్డు చేర్పించారు. బేస్ మోత తగ్గింది. 1973లో విడుదలైన ఆ ఆల్బమ్ రెగెను ప్రపంచానికి చేర్చింది. ఆ పనిని నేను తప్పుపట్టను. కానీ జమైకాలో చేసిన అసలు రూపం 2001లో బయటికొచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే, అంతకు కొన్నేళ్ల ముందు మన తరగతి మిత్రుడి నాయన ఉరుము వాయిస్తే నేను రికార్డు చేశాను. ఒకవైపు కొడుతూ, మరోవైపు పుల్లతో రుద్దుతూ వాయించే మన అనంతపురం వాద్యం అది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఈ సీమలో మబ్బు గొంతు లాంటిది. పట్నంవాళ్లకు కటువుగా ఉంటుందని ఉరుము తగ్గించి, పైన కీబోర్డు, వేణువు నింపాను. క్యాసెట్ విని మిత్రుడు ఒక్కటే అడిగాడు: "బాగుండాది లేప్పా. మా నాయన ఉరుము యాడుండాది?"

అప్పుడు నవ్వేశాను. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. అదృష్టవశాత్తు విడి ట్రాకులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పైపూతలన్నీ తీసేసి, ఆయన వాయించింది వాయించినట్టే మళ్లీ సిద్ధం చేశాను. ఒక ప్రతి మిత్రుడికి, మరొకటి బడి గ్రంథాలయానికి ఈరోజు ఇస్తున్నాను.

పిల్లలకు నా విన్నపం ఒకటే. మీ ఊళ్లో వాయించే పెద్దలున్నారు. చేతిలో ఫోన్లున్నాయి. ముందు ఉన్నదున్నట్టు రికార్డు చేసి దాచండి. మెరుగులు తర్వాత చూసుకోవచ్చు.

సెలవు.