నౌకాదళం పోలీసు బాధ్యత: రాయవేలూరు సీమ నుంచి ఒక పరిశీలన

నౌకాదళం పనులను పండితులు సాధారణంగా మూడుగా విభజిస్తారు: యుద్ధం చేయడం, పరదేశాలతో మైత్రికి తోడ్పడడం, సముద్రం మీద చట్టాన్ని అమలు చేయడం. 1977లో కెన్ బూత్ వివరించిన ఈ విభజనకు భారత నౌకాదళ సిద్ధాంత గ్రంథం విపత్తుల్లో ఆదుకునే నాలుగో పనిని చేర్చింది. వీటిలో మూడోదాన్ని పోలీసు బాధ్యత అనవచ్చు. ఓడదొంగలను, ఆయుధాల దొంగరవాణాను అడ్డుకోవడం, అనుమానం కలిగిన ఓడను ఆపి సోదా చేయడం, దొరికినవారిని న్యాయస్థానానికి అప్పగించడం దీని కిందికి వస్తాయి. యుద్ధం నీటి మీదే ముగిసిపోవచ్చు గాని ఈ పని ఓడ మీద సగమే జరుగుతుంది, మిగతా సగం కోర్టులోనూ జైలులోనూ పార్లమెంటులోనూ జరగవలసి ఉంటుంది. కాబట్టే తీరానికి నూరు కిలోమీటర్లకు పైగా లోపలున్న రాయవేలూరు (వేలూరు), గుడియాత్తం ప్రజలకు సముద్ర వ్యూహంలో గట్టి పాత్ర ఉంది.

సముద్రంతో రాయవేలూరు సంబంధం పాతదే. 17వ శతాబ్ది తొలినాళ్లలో ఇక్కడ కొలువుతీరిన విజయనగర చక్రవర్తి రెండో వేంకటపతిరాయల అనుమతితోనే డచ్చివారు పులికాట్‌లో వర్తకస్థానం పెట్టుకున్నారు. అప్పటికి నూరేళ్లుగా పోర్చుగీసువారు ‘కార్తాజ్’ అనే అనుమతి చీటీ లేని వర్తక ఓడలను పట్టి సరుకు జప్తు చేస్తున్నారు. అంటే ఈ సముద్రాల మీద పోలీసు అధికారం పరాయివారి చేతికి పోయింది. రేవు సుంకం ముట్టినంతవరకు నేలనేలే ప్రభువులకు అది పెద్ద లోటుగా తోచలేదు.

ఆ లోటు ఎంత దూరం పోగలదో పాలారు ఒడ్డునున్న ముత్తుమండపం చెబుతుంది. అక్కడ సమాధి అయినవాడు శ్రీ విక్రమ రాజసింహుడు, మధుర నుంచి వెళ్లి 1739 మొదలు సింహళంలోని కాండీ రాజ్యాన్ని ఏలిన నాయక్కర్ వంశంలో చివరి రాజు. 1766 సంధితో ఆ రాజ్యపు తీరమంతా డచ్చివారి పాలై, తర్వాత ఆంగ్లేయుల వశమైంది; కొండల మధ్య మిగిలిన దేశానికి తనదంటూ రేవు లేకపోయింది. 1815లో పట్టుబడిన రాజును మరుసటి ఏడు ఓడలో మద్రాసుకు చేర్చి వేలూరు కోటలో నిర్బంధించగా, 1832లో ఆయన ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. తెలుగు మూలాలున్న ఒక రాజవంశం ఇలా అంతరించడానికి కాండీలోని అంతఃకలహాలు కూడా కారణమే గాని, తీరం చేజారడాన్ని చిన్న కారణంగా ఎంచడం పొరపాటు.

నేటి ఏర్పాటు ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు (నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు) కాపలా ప్రధానంగా రాష్ట్రాల తీర పోలీసులది, అక్కడినుంచి 200 నాటికల్ మైళ్ల వరకు 1978 చట్టంతో ఏర్పడిన కోస్ట్ గార్డ్‌ది, ఆపైన నౌకాదళానిది. 2008 ముంబయి దాడి తర్వాత, 2009లో, మొత్తం సముద్ర భద్రత బాధ్యతను కేంద్రం నౌకాదళానికే అప్పగించింది. అయితే కాగితం మీద గీతలు గీసినంత సులువుగా నేరాలు విడిపోవు. 1993 జనవరిలో ఎల్‌టీటీఈ నాయకుడు కిట్టు ప్రయాణిస్తున్న ‘అహత్’ ఓడను కోస్ట్ గార్డ్, నౌకాదళం బంగాళాఖాతంలో అడ్డగించగా ఓడ పేలి మునిగిపోయింది. ప్రాణాలతో దొరికిన సిబ్బందిపై విచారణ విశాఖపట్నంలో జరిగి, 1996 నాటి తొలి తీర్పులో వారు విడుదలయ్యారు. అంతకు ముందటి ఏడు ఆగస్టులో వేలూరు కోటలోని టిప్పు మహల్ నుంచి నలభై మందికి పైగా ఎల్‌టీటీఈ ఖైదీలు సొరంగం తవ్వి పారిపోయారు. వీరు ఆ ఓడలో దొరికినవారు కారు. అయినా పాక్ జలసంధిలో గస్తీ తిరిగిన నావికుడి శ్రమకూ ఈ కోట గోడల పటిష్ఠతకూ సంబంధముందని ఆ ఘటన చూపింది.

చట్టం బలహీనమైతే పట్టివేత ఎంత వృథా అవుతుందో ‘అలోండ్రా రెయిన్‌బో’ వ్యవహారం మరింత స్పష్టంగా చూపుతుంది. జపాన్ యజమానులదైన ఆ ఓడను 1999 అక్టోబరులో దొంగలు ఎత్తుకుపోయి పేరు మార్చి నడుపుతుండగా, కోస్ట్ గార్డ్ నౌక తారాబాయి, నౌకాదళ నౌక ప్రహార్ వెంటాడి పట్టుకున్నాయి. 2003లో ముంబయి సెషన్స్ కోర్టు వేసిన శిక్షను 2005లో హైకోర్టు కొట్టివేసింది. ఓడదొంగతనం అనే నేరానికి మన శిక్షాస్మృతిలో ప్రత్యేక నిబంధనే లేకపోవడం ఆ కేసును మొదటినుంచీ వెన్నాడింది. ఆ కొరతను తీర్చడానికి పార్లమెంటుకు 2022 డిసెంబరు దాకా పట్టింది. అప్పుడు వచ్చిన ఓడదొంగతనాల నిరోధక చట్టం నౌకాదళ సిబ్బందికి అరెస్టు అధికారమిచ్చి, యావజ్జీవ శిక్షను, దోపిడీలో ప్రాణం పోతే మరణశిక్షను కూడా నిర్దేశించి, ప్రత్యేక న్యాయస్థానాలకు వీలు కల్పించింది. 2024 మార్చిలో ఐఎన్ఎస్ కోల్‌కతా దాదాపు 40 గంటల పోరాటం తర్వాత ‘రుయెన్’ ఓడనుంచి 17 మంది సిబ్బందిని విడిపించి, 35 మంది సోమాలీ దొంగలను ముంబయి పోలీసులకు అప్పగించగలిగిందంటే, ఆ సాహసం వెనక ఈ చట్టం ఉంది.

అదే కాలంలో ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు సాగుతుంటే యూరప్ వెళ్లే సరుకు ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి పోవలసి వచ్చి, ప్రయాణం రెండు వారాల దాకా పెరిగింది. ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టు టానరీలకూ చెప్పుల కర్మాగారాలకూ ఇది దూరపు వార్త కాదు. ఒకప్పుడు ఈ సీమలో తోళ్లు పదును చేయడానికి చుట్టుపక్కల దొరికే తంగేడు బెరడు చాలేది. క్రమంగా దాని స్థానాన్ని ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చే వాటిల్ బెరడు సారం ఆక్రమించింది. తయారైన తోలు, బూట్లు మళ్లీ చెన్నై రేవుగుండా ఓడ ఎక్కుతాయి. రాకకూ పోకకూ సముద్రమే దారి అయినచోట, ఓడ ఆలస్యమైతే ఆ భారం కుట్టుపని చేసే ఆడవాళ్ల కూలి దాకా దిగుతుంది. అయినా ఈ ఊళ్లలో సముద్ర భద్రత ఎన్నికల ప్రసంగంలో వినిపించదు. ఆంబూరు, వాణియంబాడి, గుడియాత్తం మూడూ వేలూరు లోక్‌సభ నియోజకవర్గంలోనివే కావడం వల్ల ఆ ప్రశ్న వేయవలసిన ప్రతినిధి ఒక్కరే.

ప్రజల మద్దతు అంటే చప్పట్లతో సరిపోదు. సైనికుడు శత్రువును ముంచడానికి శిక్షణ పొందుతాడు, పోలీసు మాత్రం అవతలివాడు అమాయకుడై ఉండవచ్చునన్న జాగ్రత్తతో మెలగాలి. ఒకే నావికుడు రెండు పాత్రలూ పోషించడం కష్టమైన పని. 2008 నవంబరులో ఐఎన్ఎస్ తబర్ తనపైకి కాల్పులకు దిగిన దొంగల ఓడను ముంచింది. అది దొంగల చేతికి చిక్కిన థాయ్‌లాండ్ చేపల పడవ అని, పనివాళ్లు అందులోనే ఉన్నారని ఆ తర్వాత తేలింది. 2022 అక్టోబరులో పాక్ జలసంధి దగ్గర, ఆగమన్నా ఆగని తమిళనాడు పడవపై ఐఎన్ఎస్ బంగారం జరిపిన కాల్పుల్లో ఒక జాలరి గాయపడ్డాడు. నౌకాదళం విచారం తెలిపి విచారణకు ఆదేశించింది. తెలియని పడవ కనబడితే ముందుగా కబురు చెప్పేది జాలరులే గనుక, వారి నమ్మకం సడలితే ఏ రాడారూ ఆ లోటును పూడ్చలేదు. ఇటువంటి విచారణల్లో తేలినదాన్ని ప్రజల ముందుంచాలని, తీర పోలీసు ఠాణాలకు పడవలూ మనుషులూ చాలినంత ఉన్నారో లేదో చెప్పాలని, ఓడదొంగల కేసులకు కోర్టులో ఎంత కాలం పడుతున్నదో లెక్క చూపాలని పార్లమెంటు ద్వారా అడగడం తీరంవాళ్లతో పాటు గుడియాత్తం ఓటరుకూ ఉన్న హక్కు.