పిల్లర్ల బలమే ఇంటి బలం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులో కూడా తెలిసింది. ఆ రోజు మా అపార్టుమెంటులో కొందరం పిల్లల్ని ఎత్తుకొని మెట్లు దిగాం. దిగి ఎక్కడ నిలబడ్డాం? కార్లు పెట్టేచోట, పిల్లర్ల మధ్య! అంతకంటె ప్రమాదమైన చోటు మరొకటి లేదు.

ఎందుకంటారా? 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ భూకంపం వచ్చింది. అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహమ్మదాబాదులో కూడా ఎన్నో అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి పైన అన్నీ గోడలు, కింద పార్కింగు కోసం ఉత్త పిల్లర్లు. గోడలున్న పైభాగం పెట్టెలాగా ఒక్కటిగా కదులుతుంది. ఊపంతా కింది పిల్లర్ల మీద పడుతుంది.

పిల్లరు ఊగినప్పుడు నిలువు కడ్డీలు వంగిపోకుండా, లోపలి కాంక్రీటు చెదరకుండా పట్టి ఉంచేవి రింగులే. రింగు కొనలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. 90 డిగ్రీలకే వదిలేస్తే, పైపెచ్చు ఊడగానే రింగు విచ్చుకుంటుంది. పిల్లరు పై కొసన, కింది కొసన రింగుల మధ్య ఎడం 100 మిల్లీమీటర్లు మించరాదని ఐ.ఎస్. 13920 ప్రమాణం చెబుతోంది. ఇల్లు కట్టించేవారు కాంక్రీటు పోయకముందే దగ్గరుండి చూసుకోండి. పోశాక ఎవరికీ కనపడదు.

మరి కట్టేసిన ఇంటి సంగతి? దానికీ మార్గముంది, జాకెటింగు అంటారు. ముందు స్లాబుకు, బీములకు ఊతకర్రలు పెడతారు. ప్లాస్టరు, వదులైన కాంక్రీటు చెక్కేస్తారు. పునాదిలో పాతుకొనేలా కొత్త కడ్డీలు నిలిపి, దగ్గర దగ్గరగా రింగులు కట్టి, చుట్టూ కనీసం 100 మిల్లీమీటర్ల మందాన కొత్త కాంక్రీటు పోస్తారు. ఇనుప యాంగిళ్లు, పట్టీలు బిగించే పద్ధతీ, ఫైబరు గుడ్డ చుట్టే పద్ధతీ ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక. మేస్త్రీ మాట మీద ఏదో ఒక పిల్లరును లావు చేయించకండి. గట్టిపడిన పిల్లరు ఎక్కువ బలాన్ని తన మీదికి లాక్కుంటుంది. భవనం మెలి తిరగవచ్చు. అంతస్తు మొత్తం, పునాదితో సహా స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టాలి. కొన్నిచోట్ల కింద కొత్త గోడలూ అవసరమవుతాయి.

రంగులకు, లిఫ్టుకు అందరం చందాలు వేసుకుంటున్నాం. ఈ ఏడు ముందుగా పిల్లర్ల పరీక్షకు వేసుకుందాం. మన పిల్లలు నిద్రపోయేది వాటి మీదనే.