ఒకే అక్షరాలు – వేర్వేరు వంశాలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరవు భత్యం గురించి, బకాయిల గురించి మాట్లాడటానికి నాకంటె సమర్థులు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు కేటాయించారు. ఉద్యోగకాలమంతా ఇంగ్లీషులో నోట్లు రాసి, డ్రాఫ్టులు పెట్టినవాణ్ణి గనుక పొడుగాటి ఇంగ్లీషు మాటలంటే నాకు మొదటినుంచీ ఒక సరదా. ఆ సరదాలోనే మనందరికీ పనికివచ్చే విషయం ఒకటి ఉన్నది. దానిని మనవి చేస్తాను.

పొడుగాటి మాటను చూసి భయపడనక్కరలేదు. సంధి విడదీసినట్లు విడదీస్తే లోపల చిన్న మాట ఒకటి కనబడుతుంది. మనందరికీ ఇష్టమైన మాట ‘పెన్షన్’. అందులో మొదటి నాలుగు అక్షరాలు పి, ఇ, ఎన్, ఎస్. దీనికి తోడబుట్టినది పి, ఇ, ఎన్, డి. ఈ నాలుగేసి అక్షరాలు కడుపులో దాచుకున్న మాటలు మన ఆఫీసుల నిండా ఉండేవి. వీటి మూలం లాటిన్ భాషలోని ‘పెండెరె’. దానికి వేలాడటం, తూచటం, చెల్లించటం అని మూడు అర్థాలు.

ఈ మూడింటికీ పొత్తు ఎలా కుదిరిందంటే, తక్కెడను తలచుకోండి. చేత్తో పట్టుకుంటే సిబ్బెలు వేలాడుతాయి. వేలాడితేనే తూకం తెలుస్తుంది. ఇక పూర్వం రోములో నాణేలు రాకముందు కంచును తూచి ఇచ్చేవారు. అందువల్ల తూచటమే చెల్లించటం అయింది. ఇంగ్లీషువారి పౌండు ఈనాటికీ బరువుకూ, డబ్బుకూ కూడా పేరే. అదీ ఈ వంశానిదే.

ముందు వేలాడే మాటలు చూద్దాం. ‘పెండింగ్’ అంటే వేలాడుతున్నది. మన బల్లల మీద ఆ పేరుతో ఒక ట్రే ఉండేది. ఆ ట్రేలో పడిన కాగితం ఎంతకాలం వేలాడేదో మీకు వేరే చెప్పనక్కరలేదు. ‘సస్పెన్షన్’ పది అక్షరాలు. పైనుంచి వేలాడదీయటం అని అర్థం. ఉద్యోగంలో ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. ‘పెర్పెండిక్యులర్’ పదమూడు అక్షరాలు. తాపీమేస్త్రి గోడ నిలువు చూడటానికి దారానికి కట్టి వదిలే గుండుకు లాటిన్‌లో ఉన్న పేరునుంచి వచ్చింది. ‘అపెండిసైటిస్’ పన్నెండు. పేగుకు వేలాడుతున్న చిన్న తోకకు వచ్చే వాపు. ‘డిపెండెంట్’ అంటే ఒకరిని పట్టుకుని వేలాడేవారు. ‘ఇండిపెండెన్స్’ పన్నెండు అక్షరాలు. ఎవరినీ పట్టుకుని వేలాడకపోవటం. 1947లో దేశానికి వచ్చింది అదే. ముసలితనంలో మనిషికి కావలసిందీ అదే.

ఇక తూచే మాటలు. ‘ఎక్స్‌పెండిచర్’ పదకొండు అక్షరాలు. తూచి బయటకు ఇచ్చినది, అనగా ఖర్చు. ‘డిస్పెన్సరీ’ మందులు తూచి ఇచ్చే చోటు. ‘ఇన్‌డిస్పెన్సబుల్’ పదమూడు. తూచి పక్కన పెట్టెయ్యటానికి వీలులేనిది. ఆఫీసులో ఎవరూ అలాంటివారు కారని మనకు పదవీ విరమణ మరునాడే తెలిసింది! ‘పెన్సివ్’ అంటే ఆలోచనలో మునిగినవాడు. ఆలోచించటమంటే మనసులో తూచటమే. మన పెద్దలు ఆచితూచి మాట్లాడమన్నారు. లాటిన్‌వారికీ, తెలుగువారికీ అదే తక్కెడ తోచటం వింత కాదూ!

అయితే ఒక హెచ్చరిక. అక్షరాలు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళంతా దాయాదులు కానట్లే. ‘పెన్’ వేరు. అది పక్షి ఈకకు లాటిన్ మాట. పూర్వం ఈకతోనే రాసేవారు. దాని పక్కనే జేబులో ఉండే ‘పెన్సిల్’ దానికి చుట్టమే కాదు. అది చిన్న కుంచె అనే మాటనుంచి వచ్చింది. ‘పెన్సిలిన్’ ఆ కుంచెకే చుట్టం. ఆ బూజు సూక్ష్మదర్శినిలో కుంచెలా కనబడుతుంది. ‘పెనిన్సులా’ అంటే దాదాపు ద్వీపం. ‘పెనాల్టీ’ శిక్షకు సంబంధించిన వంశం. ‘పెనిటెన్షియరీ’ పన్నెండు అక్షరాలు. పశ్చాత్తాపపడే చోటు, అనగా జైలు. పెన్షనుకూ దానికీ మొదటి మూడక్షరాలు కలిసినా సంబంధం లేదు, సంతోషం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన కాగితాలలో పక్కపక్కన కనబడే పొడుగు మాటలు రెండున్నాయి. ‘కాంపెన్సేషన్’ పన్నెండు అక్షరాలు, ‘కంపాషనేట్’ పదమూడు. రెండింటికీ మొదటి నాలుగు అక్షరాలు సి, ఓ, ఎం, పి. చూడటానికి కవలలు. కాని మొదటిది తక్కెడ వంశం. ఈ సిబ్బెలో ఉన్నదానికి ఆ సిబ్బెలో సరితూగేది పెట్టటం. రెండవది దుఃఖం వంశం. ఎదుటివాడి బాధను తానూ పడటం, అనగా జాలి.

1980 నాటి ఆంధ్రప్రదేశ్ రివైజ్డ్ పెన్షన్ రూల్సు తిరగేయండి. పోస్టు రద్దయి ఇంటికి వెళ్ళినవాడికి ఇచ్చేది కాంపెన్సేషన్ పెన్షన్. డిస్మిస్ అయినవాడికి, ప్రత్యేకంగా దయతలచదగిన సందర్భమైతే మంజూరు చేసేది కంపాషనేట్ అలవెన్స్. దాన్ని పెన్షన్ అనలేదు, అలవెన్స్ అన్నారు. రూలు రాసినవారికి ఆ రెండు మాటల తేడా బాగా తెలుసు. తూకానికి ఒక పేరు, జాలికి ఒక పేరు. మన పెన్షన్ జాలి వంశంలోది కాదు.

సుప్రీంకోర్టు చెప్పినదీ ఇదే. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అన్నది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటనే మళ్ళీ ఖాయం చేసింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తరువాతివారికి ఒక లెక్క అనే విభజనను కొట్టివేసింది. మనం ఈ తేదీన సభ జరుపుకుంటున్నది అందుకే. న్యాయమూర్తులు రాజ్యాంగాన్ని బట్టి చెప్పారు. మాట పుట్టుక చూసినా తీర్పు అదే వస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ‘కూర్చోబెట్టి డబ్బిస్తున్నారు, ఇంకేం కావాలి’ అనే మాట బజారులో, బస్సులో, ఒక్కోసారి మన ఇళ్ళల్లోనే వింటుంటాం. విని మనలో కొందరు తల దించుకుంటారు. కౌంటరు దగ్గర బిచ్చమడిగినట్లు నిలబడతారు. సోదరులారా, ముప్పై, ముప్పై అయిదేళ్ళ చాకిరీని ఒక సిబ్బెలో పెట్టిన తరువాత రెండవ సిబ్బెలో పడుతున్నది ఇది. ఇందులో తల దించుకోవలసినది లేదు.

కుటుంబ పెన్షను తీసుకునే సోదరీమణులకు ఒక్క మాట. ఫారంలో మిమ్మల్ని ‘డిపెండెంట్’ అని రాసి ఉండవచ్చు. వేలాడేవారని దాని అర్థమని ఇందాక చెప్పాను. కాని తెల్లవారుజామున లేచి కారియరు కట్టి పంపినవారు ఎవరు? మా అటెండెన్సు రిజిస్టరులో మీ సంతకం లేదు గాని, తూకంలో మీ పాలు ఉన్నది. కాబట్టి ఏ కాగితం వచ్చినా, ఎంత పొడుగు మాట ఉన్నా, చదివించుకుని, అర్థం తెలుసుకుని గాని సంతకం చేయకండి. సందేహం వస్తే మన సంఘం గదికి రండి. నిఘంటువు, రూల్సు పుస్తకం రెండూ పట్టుకుని కూర్చోవటానికి నాబోటి ముసలివాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. మిగతా మాటలను పెండింగులో ఉంచి సెలవు తీసుకుంటున్నాను.