చేతికి దగ్గరి పుస్తకం, మొదటి వాక్యం

(కంగ్టిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక మనమంతా ఒక చిన్న వినోదం చేశాం. ఇంట్లో మీరు కూర్చునే చోటికి ఏ పుస్తకం దగ్గరగా ఉంటే అది తెచ్చి, మొదటి వాక్యం చదవండని కార్యదర్శి గారు వారం కిందటే కబురు పెట్టారు. ఏరుకోకూడదన్నది ఒక్కటే నియమం. ఆ నియమం అందరూ పాటించారని నేననుకోను. భగవద్గీతలే ఏడు వచ్చాయి! అందరి మంచం పక్కనా గీత ఉంటే సంతోషమే. కాని మొన్నటిదాకా అక్కడ ఉన్నది పంచాంగమో, బ్యాంకు పాసుపుస్తకమో అయి ఉంటుందని నా అనుమానం.

దాపరికం లేకుండా తెచ్చినవే నాకు నచ్చాయి. ఒకాయన పెన్షన్ పుస్తకం తెచ్చి, తన పేరూ నంబరూ చదివి కూర్చున్నారు. ఒక అమ్మ మనవరాలి నాలుగో తరగతి సైన్సు పుస్తకం తెచ్చారు. ఇంగ్లీషు వాక్యం ఆ పిల్ల గడగడా చదివింది. నాయనమ్మకు తెలుగులో చెప్పమంటే మాత్రం తల్లి ముఖం చూసింది.

మొదటి వాక్యానికి మన పెద్దలు ఇచ్చిన విలువ తక్కువది కాదు. ఏ పని మొదలుపెట్టినా తెలుగులో శ్రీకారం చుట్టామంటాం. మన పక్కనున్న మరాఠీవారు శ్రీగణేశా చేశామంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో బిస్మిల్లా చేశామంటారు. మూడూ పుస్తకం మొదటి పంక్తి నుంచి లేచి వచ్చిన మాటలే. పూర్వం కవికి మొదటి అక్షరం ఏరుకునే స్వేచ్ఛ పెద్దగా లేదు. 'శ్రీ'తో మొదలుపెట్టడం ఆనవాయితీ. మన ఆదికావ్యమని చెప్పుకునే నన్నయ భారతంలో మొట్టమొదటి పద్యం తెలుగే కాదు, త్రిమూర్తులను తలచుకునే సంస్కృత శ్లోకం. ఇక వచనానికి వస్తే, వీరేశలింగం పంతులు గారు 1878లో పత్రికలో మొదలుపెట్టి 1880లో పుస్తకంగా తెచ్చిన రాజశేఖర చరిత్రము గోదావరి వర్ణనతో ఆరంభమవుతుంది. ఊపిరి తిప్పుకోకుండా చదవాలి. ఇందాక ఎవరైనా అది తెచ్చి ఉంటే మన టీ చల్లారిపోయేది.

మనం సర్కారు కొలువు చేసినవాళ్లం. మనకు తెలిసిన మొదటి వాక్యాలు 'విషయం', 'సూచిక'. అసలు మనందరి పేరా ఒక పుస్తకం ఉంది కదా, సర్వీసు రిజిస్టరు. దాని మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు ఉంటాయి. పల్లెల్లో పుట్టినవాళ్లకు ఆ తేదీ చాలామటుకు బడిలో చేర్చుకున్న పంతులు గారు పిల్లవాడి ఎత్తు చూసి వేసినదే. అందుకే మనలో ఇంతమంది జూన్, జూలై నెలల్లో పుట్టాం! ఆ అంచనాకే ముప్పై అయిదేళ్ల కొలువు కట్టుబడింది. 1983లో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, ఆ ఒక్క గీత ఎవరు ఇంటికి పోవాలో, ఎవరు ఉండాలో తేల్చింది. 2021లో తెలంగాణలో 61కి పెంచినప్పుడూ అంతే. ఇంత బలమైన మొదటి వాక్యం ఏ మహాకవీ రాయలేదు.

ఇక నేను చెప్పదలచిన అసలు సంగతి. ఇందాక ఒక మిత్రుడు తండ్రిగారి గుడ్డమూట విప్పి ఒక పుస్తకం తీశారు. అది ఉర్దూ. ఆయనకు చదవరాదు, కొడుకుకూ రాదు. చేతికి దగ్గరి పుస్తకమే, మొదటి వాక్యం మాత్రం అందలేదు. మన పక్క ఇది ఒక్క ఇంటి కథ కాదు. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. సర్కారు చదువు ఉర్దూ. ఇంట్లో ఒకరికి తెలుగు, ఒకరికి కన్నడం, ఒకరికి మరాఠీ. లెక్కలు కొన్నిచోట్ల మోడీ లిపిలో. హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1930లో మనకు దగ్గరి జోగిపేటలోనే, సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన, మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అయినా మన ఇళ్లలోకి తెలుగు పుస్తకం వచ్చిందంటే ఎక్కువగా 1956 తర్వాతే, బడిపిల్లల సంచుల్లో. తండ్రులు చదివిన లిపి ఒకటి, మనం చదివింది ఒకటి, మనవలు చదివేది ఇంకొకటి.

ఉర్దూ ధారాళంగా చదవగలవారు చేతులెత్తండని అడిగితే ఈ సభలో నాలుగు చేతులు లేచాయి. ఆ నలుగురిలో చిన్నవారికి డెబ్బై ఎనిమిది. మోడీ లిపి అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. అటకమీది మూట పాతసామాన్లవాడికి తూకానికి పోయేలోపు, అది భూమి కాగితమో, తాతగారి పద్దుల పుస్తకమో, భజన పుస్తకమో తెలుసుకోవద్దా? మొదటి పంక్తి చదివితే చాలామటుకు తెలిసిపోతుంది.

కాబట్టి వచ్చే సమావేశానికి నా మనవి. మీరు చదవలేని పుస్తకం తెండి. ఉర్దూవి ఆ నలుగురు పెద్దల దగ్గర పెడదాం. మరాఠీ, కన్నడం చదివేవారు మనలో ఇంకా చాలామందే ఉన్నారు. వారు మొదటి వాక్యం చదువుతారు, అర్థం చెబుతారు. మీ వెంట వచ్చిన పిల్లలు దాన్ని తెలుగులో చీటీమీద రాసి అట్ట లోపల అంటిస్తారు. ఎవరిది, ఏ ఊరిది, ఎవరు చదివి చెప్పారు అన్నవి కూడా రాయాలి. ఆ నాయనమ్మ మనవరాలిని తప్పకుండా తీసుకురండి, తెలుగు రాత అలవాటవుతుంది.

కళ్లజోళ్లు మరవకండి. కాగితం పెళుసైపోయి ఉంటే పుస్తకాన్ని బస్సులో తేవద్దు. ఆరుబయట వెలుతురులో ఫోనులో ఫోటో తీసి తెండి. ఒక్క జాగ్రత్త. ఉర్దూ పుస్తకమైతే మనకు చివరి అట్టగా కనబడే వైపు నుంచి తెరిచి తీయండి. మొదటి వాక్యం అటువైపే ఉంటుంది.